కాంటా దగ్గర దుబాసీ

దసరా సెలవులకి నిజామాబాద్ వచ్చిన మావాడు కంప్యూటర్ ముందు కూచుని, "డ్రైవర్ రాస్తున్నానమ్మా, నా మొదటిది" అన్నాడు. డ్రైవరంటే బండి తోలేవాడు కదా, రాయడమేమిటని నవ్వాను.

తీరా వాడు విడమరచి చెబితే మా తాతయ్య గుర్తొచ్చాడు. నిజాంసాగర్ నీళ్లతో బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలై 2015లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ ఉందే, అక్కడ తాతయ్య కాంటా గుమాస్తా. రైతులది తెలుగో మరాఠీయో, పద్దులు ఉర్దూలో. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేర్చడమే ఆయన పని. ఒక్క అంకె తప్పిందా, ఎడ్లబండ్ల వరసంతా ఆగిపోయేదట. డ్రైవరూ అంతే. ప్రింటరుది ఒక భాష, డిస్కుది ఒక భాష, అన్నిటినీ నడిపించే కెర్నెల్‌ది మరో భాష. మధ్యన ఈ దుబాసీ.

ఈ దుబాసీ గొడవలోంచే పెద్ద కథ పుట్టింది సుమండీ! 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలకి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటరొకటి ఇచ్చింది. పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురందేలా రిచర్డ్ స్టాల్‌మన్ ఏర్పాటు చేసుకున్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామని ప్రోగ్రాము అసలు రాత అడిగితే, ఇవ్వడం కుదరదన్నారు. మనింట్లో కుట్టుమిషను మనం విప్పి చూసుకోకూడదంటే ఎలా ఉంటుంది చెప్పండి? ఆయన 1983లో గ్నూ ప్రకటించడం వెనక ఆ మంట కూడా ఉంది.

1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వంతు. యూనివర్సిటీ కంప్యూటరుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. అక్కణ్ణుంచి తెచ్చుకున్నవి దాచుకోవాలిగా, అందుకని డిస్కుకి డ్రైవరు రాశాడు. అలా పెరిగిందే లినక్స్. ఒకరోజు పొరపాటున, మోడెముకి పంపాల్సిన ఫోన్ నంబరు డిస్కుకే పంపి, అందులో కొంత భాగం పాడుచేసుకున్నాడట!

మావాడి మొదటి డ్రైవరు చేసిందల్లా, ఎక్కించగానే ఒక పలకరింపు, దించగానే ఒక వీడ్కోలు చిట్టాలో రాయడం. దానికే ఇంట్లో పండగ. రెండో రోజు ఇంకాస్త కలిపాడు, తెర బిగుసుకుపోయింది. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే పోతుందట. డ్రైవరు ఉండేది కెర్నెల్ లోపలే కనక ఇల్లంతా కూలుతుంది.

నా నవల మూడు అధ్యాయాలు ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి మరి! ఆపి మళ్లీ పెట్టేదాకా నాకు ఊపిరాడలేదు. దేవుడి దయవల్ల భద్రంగానే ఉన్నాయి. గబగబా పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, కొంగున ముడేసుకున్నాక, "ఊఁ, ఇంక తోలుకో" అన్నాను.