పెద్దమ్మ డబ్బు, సముద్రపు ఒడ్డున స్టేషన్

రైల్వే చరిత్రల్లో స్త్రీలు ప్రయాణికులుగానే కనిపిస్తారు. లేడీస్ వెయిటింగ్ రూమ్ గురించి రాసే ఒక్క వాక్యంతో మన ప్రస్తావన అయిపోతుంది. పట్టాలు వేయడానికి ఎవరెవరి డబ్బు వెళ్లిందన్న లెక్కలో ఆడవాళ్లుంటారని ఎవరికీ తోచదు. ఇంగ్లండు ఈశాన్య తీరంలోని స్కార్‌బరో స్టేషన్ గురించి చదువుతుంటే ఆ లెక్కలో నాకు ముగ్గురు రచయిత్రులు ఎదురయ్యారు. నేను క్లాసులో పాఠం చెప్పే షార్లెట్, ఎమిలీ, యాన్ బ్రాంటీలే వాళ్లు.

ముందుగా అందరూ చెప్పే చరిత్ర. యార్క్ నుంచి స్కార్‌బరోకి 42 మైళ్ల లైను 1845 జూలై 7న మొదలైంది. వేసింది యార్క్ అండ్ నార్త్ మిడ్‌ల్యాండ్ రైల్వే కంపెనీ. దాని ఛైర్మన్ ‘రైల్వే రాజు’గా పేరుపడ్డ జార్జ్ హడ్సన్. స్టేషన్‌కి ప్లాన్ గీసింది జి.టి. ఆండ్రూస్. గడియారపు గోపురం 1880లలో చేరింది. స్కార్‌బరో అప్పటికే కలిగినవాళ్లు ఔషధజలాల కోసం, సముద్ర స్నానాల కోసం వచ్చే ఊరు. రైలొస్తే చేతిలో పైసా లేని జనం వచ్చిపడతారని 1840లోనే ఒక కరపత్రం ఆందోళన పడింది. జనం వచ్చారు. ఎక్స్‌కర్షన్ రైళ్ల రద్దీ తట్టుకోలేక 1908లో దగ్గర్లోనే ఇంకో స్టేషన్ కట్టారు, 1960లలో మూసేశారు. పాత స్టేషన్‌లో 139 మీటర్ల పొడవున్న బెంచి ఇప్పటికీ ఉంది. ప్రపంచంలోని స్టేషన్లన్నిటిలో అదే పొడవైనదంటారు. సెలవుకి వచ్చి తిరుగు రైలు కోసం ఎదురుచూసే మామూలు మనుషులకి ఆ ఊరు చూపించిన మర్యాదగా దాన్ని నేను చూస్తాను.

ఇందులో లేని చరిత్ర 1842లో మొదలవుతుంది. తల్లిలేని బ్రాంటీ పిల్లల్ని పెంచిన పెద్దమ్మ ఎలిజబెత్ బ్రాన్‌వెల్ ఆ ఏడాది చనిపోతూ తన డబ్బు మేనల్లుడికి కాకుండా ఆడపిల్లలకి రాసింది. ఒక్కొక్కరికి దాదాపు 300 పౌండ్లు. వాళ్లు దాన్ని హడ్సన్ కంపెనీ షేర్లలోనే పెట్టారు. షార్లెట్ బ్రసెల్స్‌లో ఉన్నప్పుడు ఆ వ్యవహారమంతా చూసుకున్నది ఎమిలీ. పత్రికల్లో రైల్వేల గురించి వచ్చే ప్రతి వార్తా, ప్రతి ప్రకటనా చదివి సంగతులు తెలుసుకునేదని షార్లెట్ ఉత్తరంలో ఉంది. లోకం తెలియని ఏకాంతవాసి అని మన విమర్శకులు రాసే ఎమిలీయే ఈమె!

తమ్ముడు బ్రాన్‌వెల్‌కి వేరే రైల్వే కంపెనీలో క్లర్కు ఉద్యోగం దొరికింది, లెక్కల్లో తేడా వచ్చి 1842లో పోయింది. అక్కాచెల్లెళ్లకి దొరికే పని గవర్నెస్ కొలువు. సొంత బడి పెట్టుకోవాలన్న ప్రయత్నం విద్యార్థినులు రాక ఆగిపోయింది. 1846లో తమ కవితల పుస్తకం అచ్చుకి ముందుగా 31 పౌండ్ల 10 షిల్లింగులు పంపగలిగారంటే వెనక పెద్దమ్మ డబ్బుంది. ఆ పుస్తకం మొదట రెండే కాపీలు అమ్ముడైంది. ఆ తర్వాత నవలలు వచ్చాయి.

ఇంకో మాట గమనించాలి. ఈ డబ్బు వాళ్ల చేతిలో నిలిచింది పెళ్లి కానందువల్లే. 1870, 1882 చట్టాలు వచ్చేదాకా, ప్రత్యేకంగా ఒప్పందం రాసుకుంటే తప్ప, భార్య చేతిలోని డబ్బూ ఆమె సంపాదనా భర్తవే. యాన్ 1848లో రాసిన ‘ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’లో తాగుబోతు భర్తను విడిచి, బొమ్మలు గీసి బతికే హెలెన్ దాక్కోవలసి రావడానికి ఆ చట్టమే ఆధారం.

గవర్నెస్‌గా యజమానుల వెంట వేసవుల్లో వచ్చి యాన్ స్కార్‌బరోని ప్రేమించింది. 1848లోనే బ్రాన్‌వెల్, ఎమిలీ పోయారు. తనకీ క్షయ. జ్ఞానమాత ఫ్యానీ ఔత్‌వైట్ 1849లో తనకి వదిలివెళ్లిన 200 పౌండ్లలోంచి ప్రయాణం ఖర్చు పెట్టుకుంది. షార్లెట్, స్నేహితురాలు ఎలెన్ నస్సీ తోడుగా మే 24న బయల్దేరి, రాత్రి యార్క్‌లో ఆగి, మర్నాడు ఈ లైను మీదే స్కార్‌బరో చేరింది. 28న చనిపోయింది, 29 ఏళ్లకి. అక్కడే సెయింట్ మేరీ చర్చి దగ్గర సమాధి. రాతి మీద మాత్రం వయసు 28 అని తప్పుగా చెక్కారు.

అదే ఏడాది హడ్సన్ మోసాలు బయటపడ్డాయి. 50 పౌండ్ల షేరు ఒకప్పుడు 120కి ఎక్కి 20కి దిగిందని షార్లెట్ తన ప్రచురణకర్తకి రాసుకుంది. పెద్దమ్మ ఇచ్చిన ఆధారం అలా కరిగిపోయింది. 1854లో పెళ్లికి ముందు షార్లెట్ తన డబ్బు భర్త చేతికి పోకుండా ట్రస్టు ఒప్పందం రాయించుకుంది. ప్రేమకథలు రాసిన మనిషి ఇంత లెక్కగా ఉందేమిటని కొందరు ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ ఒప్పందపు కాగితం కూడా ఆమె రచనల్లో చేర్చి చదవవలసినదే అనిపిస్తుంది.