రెండు వీసీఆర్‌ల మధ్య పుట్టిన సినిమా

రీమా కాగ్తీ తీసిన 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్' 2025 ఫిబ్రవరి 28న థియేటర్లకు వచ్చింది. చిన్ననాటి దోస్తులు కొందరు కలిసి సొంతంగా సినిమా తీయడం, మాట పట్టింపులతో విడిపోవడం, చివరికి మళ్లీ ఒకచోట చేరడం దాని కథ. చూసినవాళ్లంతా స్నేహం గురించే మాట్లాడుకున్నారు. నేను మాత్రం సిరిసిల్లలో పెళ్లి వీడియోలు తీసి, క్యాసెట్లు ఎడిట్ చేసి బతికినవాణ్ణి. నా చూపంతా ఆ కుర్రాళ్ల సామాను మీదే నిలిచింది. ఆ ఊళ్లో సినిమా ఎలా పుట్టిందో ఆ సామానే చెబుతుంది.

మాలేగావ్ మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో, మోసం నది ఒడ్డున, ముంబై నుంచి ఆగ్రా వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. 18వ శతాబ్దంలో నారోశంకర్ కట్టించిన కోట ఇప్పటికీ ఉంది. 1857 తిరుగుబాటు తర్వాతి కాలంలో ఉత్తరాది నుంచి మోమిన్ నేతగాళ్లు వచ్చి అక్కడ మగ్గాలు పెట్టుకున్నారు. 1948 తర్వాత మన హైదరాబాద్ రాజ్యం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలూ ఉన్నాయి. చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చాయి. మా దగ్గర వాటిని సాంచాలంటాం. సాంచాల ఊరంటే ఎట్లుంటదో సిరిసిల్లవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చప్పుడులో పక్కవాడి మాట వినపడదు, షిఫ్టు దిగేసరికి ఒంటి నిండా దూది నూగు. మాలేగావ్‌లో సాంచాలకు సెలవు శుక్రవారం. కొత్త సినిమా విడుదలయ్యేదీ ఆ రోజే. అక్కడి సినిమా పిచ్చి ఇప్పటికీ తగ్గలేదు. 2023 నవంబరులో 'టైగర్ 3' ఆడుతుంటే మోహన్ థియేటర్ లోపలే టపాకాయలు కాల్చారు.

1982 ఆసియా క్రీడలతో దేశంలోకి కలర్ టీవీ వచ్చింది, దాని వెనకే వీసీఆర్ వచ్చింది. చిన్న పట్టణాల్లో గదికో టీవీ పెట్టి, చాపలు పరిచి, టికెట్టు తీసుకుని సినిమా చూపించే వీడియో పార్లర్లు లేచాయి. దొంగ క్యాసెట్లు పెరిగిపోవడంతో 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. హక్కుదారు పేరు, చిరునామా క్యాసెట్ మీద ఉండాలన్నారు. పార్లర్ల మీద పోలీసు దాడులకు బలం ఆ సవరణతోనే వచ్చింది.

మాలేగావ్‌లో అలాంటి పార్లర్ నడిపినవాడే నాసిర్ షేక్, కాగ్తీ సినిమాకు ఆధారం అతని కథే. పెళ్లి వీడియోలూ తీసేవాడు. చాప్లిన్, బస్టర్ కీటన్, బ్రూస్ లీ సినిమాలు అతని దగ్గర ఆడేవి. అక్కడి జనానికి నచ్చేలా ఆ సినిమాలను అతను కత్తిరించి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతికించేవాడు. పోలీసులు వచ్చిపడ్డాక ఇతరుల సినిమా ఆడించే దారి మూసుకుపోయింది. అయితే మన సినిమా మనమే తీద్దామన్నాడు. సినిమాకు కెమెరా పట్టకముందే అతనికి కోత తెలుసు. మాలేగావ్ సినిమాకు అసలు బడి అదేనని నా నమ్మకం.

ఆ కోత ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకు తెలియదు. రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టాలి. ఒకదాంట్లో అసలు క్యాసెట్, రెండోదాంట్లో ఖాళీది. ఖాళీదాన్ని రికార్డులో పెట్టి పాజ్ నొక్కి ఉంచాలి. అసలుది కావలసిన చోటికి రాగానే పాజ్ వదలాలి. మిషను వెంటనే కదలదు, ఒక రెప్పపాటు వెనక్కి లాక్కుని అప్పుడు ఎత్తుకుంటుంది. ఆ తేడాను చేతివేలు లెక్కగట్టుకోవాలి. పాజ్‌లో ఎక్కువసేపు ఉంచితే టేపు అరిగిపోతుందని మిషను తనంతట తనే ఆగిపోతుంది, మళ్లీ మొదలు. అతుకు దగ్గర బొమ్మ ఓసారి ఎగిరి, రంగులు చెదిరి, తర్వాత కుదురుకుంటుంది. కాపీకి కాపీ తీస్తే ఎరుపు రంగు గీత దాటి పక్కకు కారుతుంది. నడుమ ఒక్క షాటు తప్పిందంటే అక్కడి నుంచి కిందివన్నీ మళ్లీ వరసగా చేసుకురావాల్సిందే. అందుకే ఏ షాటు ఎందుకుందో, ఎంతసేపుండాలో ముందే తలలో ఖాయం చేసుకునేవాళ్లం.

2000లో వచ్చిన నాసిర్ సినిమా 'మాలేగావ్ కే షోలే' ఈ పద్ధతిలోనే తయారైంది. ఖర్చు యాభై వేల రూపాయల దాకా అయిందని చెబుతారు. బందిపోట్లు గుర్రాల బదులు సైకిళ్లెక్కి వచ్చారు. కెమెరా కదలాలంటే సైకిలు, పైకి లేవాలంటే ఎడ్లబండి. సాంచాల దగ్గర, చిన్నాచితకా దుకాణాల్లో పనిచేసేవాళ్లే నటులు. ఆడవేషాలకు ఊళ్లో ఎవరూ ముందుకు రాకపోతే బయటి నుంచి పిలిపించారు. 1975 నాటి 'షోలే' అక్కడ ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. కొండలూ రైలూ తెర మీద లేకపోయినా చూసేవాడు మనసులోనే నింపుకుంటాడు. డబ్బు లేనివాడు పేరడీని ఎంచుకోవడంలో ఎంత తెలివి ఉందో చూడండి. కథ చెప్పే ఖర్చు పాత సినిమా ముందే భరించింది.

కాగ్తీ సినిమాలో వినీత్ కుమార్ సింగ్ వేసిన రచయిత ఫారోగ్ దీని మీదే కోప్పడతాడు. ఎన్నాళ్లీ నకళ్లు, మన ఊరి కథ మనం చెప్పొద్దా అని అతని బాధ. ఆ బాధలో న్యాయం ఉంది. కానీ మా పనిలో ఎవడైనా నకలు దిద్దుకుంటూనే చెయ్యి తిప్పుకున్నాడు. నాసిర్‌నే నేను సమర్థిస్తాను.

తర్వాత 'మాలేగావ్ కా సూపర్‌మ్యాన్'. దాని చిత్రీకరణను ఫైజా అహ్మద్ ఖాన్ 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' అనే డాక్యుమెంటరీగా తీసింది. మన థియేటర్లలో అది 2012లో విడుదలైంది. హీరో షఫీక్ షేక్ సాంచా కార్మికుడు, బక్క మనిషి. అతన్ని గాల్లో ఎగిరించడానికి ఆకుపచ్చ గుడ్డ ముందు కట్టి పడుకోబెట్టారు. షూటింగ్ నడుమ అతని పెళ్లి వచ్చింది, పని ఆగింది. కెమెరా నీళ్లలో పడింది, మళ్లీ ఆగింది. ఆ కెమెరా నీళ్లలో మునిగిన క్షణం చూసి నాకు గుండె జారిపోయింది. అది ఒక్కటే కెమెరా. ఆ సినిమాలో సూపర్‌మ్యాన్ పోరాటం పొగాకు మీద. షఫీక్ 2011లో క్యాన్సర్‌తోనే పోయాడు. ఆ ఊరికి బాంబు పేలుళ్ల ఊరన్న పేరు ఒక్కటే బయట తెలిసిన రోజుల్లో దానికి ఇంకో పేరు తెచ్చిపెట్టినవాళ్లలో అతనొకడు.

మన దగ్గర ఇదే వరసలో 2021లో ప్రవీణ్ కాండ్రేగుల తీసిన 'సినిమా బండి' ఉంది. ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరాతో ఊరివాళ్లు సినిమా మొదలుపెడతారు. కెమెరా పట్టడానికి ఆటో డ్రైవర్ పిలిచేది ఎవర్ని? ఊళ్లో పెళ్లి ఫొటోలు తీసే గణపతిని. ఆ సంగతి రాసినవాళ్లకు పల్లె బాగా తెలుసు.

పార్లర్లు ఎప్పుడో మూతపడ్డాయి. మాలేగావ్ కుర్రాళ్లు ఇప్పుడు యూట్యూబ్‌కు తీస్తున్నారు, అక్కడి ఛోటూ దాదా వీడియోలు దేశమంతా చూస్తోంది. నా ఆందోళన పాత క్యాసెట్ల గురించి. తెలుగు ఊళ్లలోనూ పెళ్లి వీడియోల షాపుల్లో, దోస్తులు సరదాకు తీసుకున్న నాటకాలూ ఫైటింగులూ ఉన్న క్యాసెట్లు ఇంకా మూలన పడి ఉన్నాయి. వీసీఆర్‌ల తయారీని చిట్టచివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. హెడ్డు మార్చగల మెకానిక్కులు తగ్గిపోతున్నారు. మీ దగ్గర అలాంటి క్యాసెట్ ఉంటే ముందు దాని కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. తెల్లగా బూజు కనిపిస్తే మిషన్లో పెట్టకండి, ఆ బూజు హెడ్డుకంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. తెలిసినవాళ్లతో తుడిపించి, కంప్యూటర్లోకి ఎక్కించండి. ఈ ఏడాదే ఎక్కించండి.