అరిసెల మీద తొలి అడుగు

బిడ్డ బోర్లా పడిందంటే ఆ ఇంట బొబ్బట్లు కాలాలి. నవ్వితే నువ్వుండలు, కూర్చుంటే కుడుములు, పలికితే పంచదార చిలకలు, గడప దాటితే గారెలు, అడుగు వేస్తే అరిసెలు. గుంటూరు సీమలో పొన్నూరు, నిడుబ్రోలు, చేబ్రోలు, బాపట్ల వైపు తరతరాలుగా వినిపించే ఈ జాబితా మిగతా తెలుగు ప్రాంతాల్లోనూ కొద్ది తేడాలతో ఉంది. ఒక ఇంట బొబ్బట్లయితే పక్క ఊళ్లో బొబ్బర్లు. ఏ పండుగకైనా తిథి చెప్పడానికి పంచాంగం ఉంది గానీ, ఈ పండుగల తిథి మాత్రం పిల్లల చేతిలోనే ఉంటుంది. ఏ మంగళవారం మధ్యాహ్నమో చంటివాడు గడప మీదుగా దొర్లి అవతల పడితే, మినప్పప్పు నానబోయాల్సిందే.

వీటిలో అన్నిటికన్నా శ్రమ అరిసెలది. బియ్యం నానబోసి, నీళ్లు వార్చి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. బెల్లం పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతుంది. చలిమిడి కలిపేటప్పుడు ఒకరు పిండి పోస్తుంటే మరొకరు కలియబెట్టాలి, కాలాక ఇంకొకరు రెండు గరిటెల మధ్య నూనె పిండాలి. మరలు రాని రోజుల్లో ఒంటరి ఇల్లాలి వల్ల అయ్యే పని కాదిది. రోలు దగ్గరికి ఇరుగమ్మ, పొయ్యి దగ్గరికి పొరుగమ్మ రావాల్సిందే. అలా ఫలానావారి మనవడు నడుస్తున్నాడన్న కబురు అరిసెలకన్నా ముందే వీధి చివరికి చేరిపోయేది.

అసలు వేడుక కాసేపే. గుడ్డ మీద అరిసెలు వరసగా పరుస్తారు. రెండు చేతులూ పట్టుకుని బిడ్డను వాటి మీద నడిపిస్తారు. ఆ అరిసెల్నే పేరంటాళ్లకు పంచుతారు. ఎంగిలి, అంటు, మడి అని అంత పట్టింపు ఉన్న ఇళ్లలో కూడా పసికాలు తగిలిన తిండికి ఏ అభ్యంతరమూ లేదు!

అన్నప్రాశన నాటి సరదా ఇంకొకటి. బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, డబ్బు, కత్తి పెట్టి, పాకుతూ వెళ్లి దేన్ని పట్టుకుంటుందోనని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. కొరియాలో మొదటి పుట్టినరోజున ‘దోల్‌జాబి’ అనీ, చైనాలో ‘జువాజౌ’ అనీ ఇలాంటి ముచ్చటే జరుగుతుంది. పుస్తకం కాస్త దగ్గరగా జరిపే తాతయ్యలు అక్కడా ఉండే ఉంటారు.

అయిదో ఏడు వచ్చేసరికి వేడుక ఇంట్లోంచి బడికి మళ్లేది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో ఎన్ని బళ్లున్నాయో లెక్క తీయమంటే, గుంటూరు నుంచి వెళ్లిన లెక్క 574. ఆ బళ్లలో పిల్లల్ని ఎలా చేర్చుకునేవారో తెలియాలంటే, అదే విచారణకు 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన జవాబు చూడాలి. తెలుగు, కన్నడ బళ్లు రెండూ ఉన్న జిల్లా అది. పంతులుగారితో పాటు బళ్లోని పిల్లలందరినీ కొత్త పిల్లవాడి ఇంటికి పిలిచేవారట. వినాయకుడి బొమ్మ చుట్టూ అంతా కూర్చునేవారు. పంతులుగారు పిల్లవాడి చేత ప్రార్థన చెప్పించి, వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవారు. మర్నాటి నుంచి వాడు కూర్చోబోయేది ఆ పిల్లల మధ్యే కదా, బడి ముందుగా తానే వాడి గుమ్మంలోకి వచ్చి పలకరించిందన్నమాట.

ముచ్చటంతా ఆ ఒక్కరోజే. ఆ బడికి పొద్దున్నే అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్నా. మూడోవాడి నుంచి దెబ్బలు మొదలై, ఆలస్యాన్ని బట్టి ఒక్కొక్కటీ పెరిగేవి. ఇదీ క్యాంప్‌బెల్ రాసిందే.

పంతులుకు సర్కారు జీతం లేదు. పిల్లల ఇళ్ల నుంచి వచ్చేదే రాబడి. బడిపిల్లల దసరా వేడుక పుట్టింది ఈ లెక్కలోంచే. నవరాత్రుల్లో పంతులుగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు, వాటిలోంచి ఎగిరే పూరేకులూ బుక్కా. ప్రతి గుమ్మం ముందూ నిలబడి పద్యాలు, పాటలు పాడేవారు. ఇంటాయన పంతులుగారికి డబ్బులో బట్టలో ఇస్తే, ఇల్లాలు పిల్లల దోసిళ్లలో పుట్నాలపప్పు, బెల్లం పోసేది. పెద్దాయన బతుకుతెరువు పిల్లలకు ఊరేగింపైంది. చేయి చాచడంలో ఉండే చిన్నతనం పాటలో కరిగిపోయేది. ఇవ్వని ఇంటిని దెప్పే చరణాలు కూడా ఉండేవి లెండి.

ఈ ముచ్చట్లన్నీ గింజ మీద ఆధారపడ్డవి. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమ జనంలో దాదాపు మూడో వంతు పోయారని అంచనా. బళ్ల లెక్క తీసి అప్పటికి పదేళ్లే. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయి, కాలవ నీళ్లు పొలాలకు అందాక గానీ ఈ డెల్టాలో వరికి భరోసా దొరకలేదు. అరిసెకు కావాల్సింది కొత్త బియ్యం కదా.

ఇంకో సంగతి దాటవేయకూడదు. విల్లంబులు పట్టుకున్న ఆ ఊరేగింపులో మాల మాదిగ పిల్లలు లేరు, ఆడపిల్లలూ బహు అరుదు. ఊరి బడి మాల మాదిగ పిల్లల్ని రానివ్వలేదు. 1842 జులైలో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్, ఆ తర్వాత వచ్చినవాళ్లూ తెరిచిన బళ్లలోనే ఎందరో దళిత పిల్లలు మొదటిసారి పలక పట్టారు. వాళ్లకు ఏడాదిలో పెద్ద పండుగ క్రిస్మస్ అయింది. పాత దసరా బడి జ్ఞాపకాల్లో తీపి ఎక్కువ, ఈ ఖాళీ గురించిన మాట తక్కువ.

తర్వాత బోర్డు బళ్లు వచ్చాయి. పంతుళ్లకు నెల జీతం వచ్చాక గుమ్మం గుమ్మం తిరగాల్సిన అవసరం తగ్గింది, దసరా పాటలూ సన్నగిల్లాయి. ఇంటి ముచ్చట్లు మాత్రం పోలేదు, పెరిగాయి కూడా. భోగినాటి సాయంత్రం రేగుపళ్లు, చెరకుముక్కలు, బంతిరేకులు, చిల్లర కలిపి పిల్లల తల మీద పోయడం ఇవాళ అపార్ట్‌మెంట్లలోనూ జరుగుతోంది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చి అణాలు, కానులు క్రమంగా కనుమరుగయ్యాక, ఆ చిల్లర రూపమే మారింది. అమెరికాలో రేగుపళ్లు దొరకని తెలుగు ఇళ్లలో క్రాన్‌బెర్రీలు పోసేవారున్నారు. అడుగుల వేడుక ఫంక్షన్ హాలుకు, ఫొటోగ్రాఫరు చేతికి వెళ్లింది. అరిసెలు దుకాణం నుంచి పెట్టెల్లో వస్తున్నాయి. రోకలి పట్టిన ఇరుగమ్మలకు ఇప్పుడు వాట్సాప్‌లో ఆహ్వానం వస్తుంది. సాయంత్రం ఏడింటికల్లా రమ్మని, భోజనం అక్కడేనని.