క్వారీలో పేలే జిలెటిన్ స్టిక్.. ఫ్యాక్టరీ బాధ్యత గేటు దగ్గరే ఆగిపోతుందా? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

గోదావరి డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టి, ఇసుకే. ఇంటి పునాదికైనా, రోడ్డుకైనా, ఏటిగట్టుకైనా రాయి కావాలంటే మెట్ట నుంచి లారీ దిగాల్సిందే. కొవ్వూరు దగ్గర పంగిడి, దేవరపల్లి మండలంలో దుద్దుకూరు, గౌరీపట్నం.. తూర్పుగోదావరి జిల్లాలోని ఈ ఊళ్ల చుట్టూ ఉన్నది కోట్ల ఏళ్ల కిందటి లావా గడ్డకట్టిన నల్లరాయి. గడ్డపారకు లొంగదు. డ్రిల్లింగ్ చేసి, ఆ రంధ్రంలో మందు కూరి పేల్చాలి. ఇది ఇప్పటి కథ కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు ఆ చోటు ఎంచుకోవడానికి పక్కనే రాతి కొండలు ఉండటం ఒక కారణం. అప్పటికి డైనమైట్ ఇంకా పుట్టలేదు. రాయిని పేల్చాలంటే తుపాకీ మందే దిక్కు.

ఇప్పుడు వాడుతున్నది అంతకంటే ఎన్నో రెట్లు శక్తివంతమైన సరుకు. అందరూ 'జిలెటిన్ స్టిక్స్' అంటున్నా, పేరు మాత్రమే పాతది. ఈ రోజు వచ్చేవి ఎక్కువగా అమోనియం నైట్రేట్‌తో చేసిన ఎమల్షన్, స్లర్రీ రకాలు. ప్రమాదం జరిగితే ముందుగా వినిపించే మాట 'కార్మికుల నిర్లక్ష్యం'. ఆ తర్వాత క్వారీ యజమాని. ఆ సరుకు తయారుచేసిన కంపెనీ, అమ్మిన డీలర్ దాకా చర్చ వెళ్లడం తక్కువ. చట్టం మాత్రం అక్కడి నుంచే లెక్క మొదలుపెడుతుంది.

కడపలో ఆ రోజు ఏం జరిగింది?

2021 మే 8. కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె శివారులోని ముగ్గురాళ్ల గని. వాహనంలో వచ్చిన జిలెటిన్ స్టిక్స్‌ను దించుతుండగా భారీ పేలుడు. పది మంది చనిపోయారు. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. బ్లాస్టింగ్ చేస్తుండగా జరిగిన ప్రమాదం కాదిది. సరుకు గనికి చేరి, బండి దిగే సమయంలో జరిగింది. అంటే సరఫరా గొలుసులోనే. గని నిర్వహణ చూస్తున్న వ్యక్తితో పాటు పేలుడు పదార్థాల లైసెన్స్ ఉన్నవాళ్లనూ పోలీసులు అరెస్టు చేశారు.

అమ్మే ముందే చూడాల్సినవి

ఈ వ్యవహారమంతా నడిచేది ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్-1884, దాని కింద వచ్చిన ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్-2008 ప్రకారం. అమలు చేసేది నాగ్‌పూర్ ప్రధాన కార్యాలయంగా ఉన్న పెసో. చాలామందికి ఈ పేరు బాణసంచా ప్రమాదాలప్పుడే వినిపిస్తుంది. 2025 అక్టోబర్‌లో కోనసీమ జిల్లా రాయవరం మండలంలోని బాణసంచా కేంద్రంలో పేలుడు జరిగి యజమాని సహా పలువురు చనిపోయినప్పుడు కూడా ఇదే చట్టం చర్చకు వచ్చింది. క్వారీ మందుకూ, దీపావళి మందుకూ మూల చట్టం ఒక్కటే.

రూల్స్ ప్రకారం పెసో ఆమోదించిన జాబితాలో లేని రకాన్ని కంపెనీ అసలు తయారుచేయకూడదు. ఎవరు పడితే వాళ్లకు అమ్మకూడదు. కొనేవాళ్లకు లైసెన్స్ ఉండాలి, దాని గడువు తీరకూడదు, అడిగిన పరిమాణం లైసెన్స్ పరిమితి దాటకూడదు. కొనేవాళ్లు ఆర్ఈ-11 ఫారంలో ఇండెంట్ పెట్టాలి. పంపేవాళ్లు ఆర్ఈ-12 ఫారంలో పాస్ ఇవ్వాలి. ఫోన్‌లో 'నాలుగు బాక్సులు పంపించు' అంటే కుదిరే బేరం కాదు. ఎవరికి, ఎంత, ఏ బండిలో వెళ్లిందో రిజిస్టర్‌లో రాయాలి, అధికారులకు లెక్క పంపాలి.

బాక్సు కూడా మాట్లాడాలి. మందు పేరు, ఏ తరగతి, తయారీ సంస్థ, బరువు, తయారైన తేదీ, బ్యాచ్ నంబర్ దానిపై ఉండాలి. రేపు ఎక్కడైనా దొంగచాటుగా మందు దొరికితే, అది ఏ ఫ్యాక్టరీలో పుట్టి ఎవరి గోదాములోంచి జారిపోయిందో వెనక్కి వెతికే దారి ఇదే. ఇక రవాణా. ట్రాక్టర్‌లోనో, ట్రాలీ ఆటోలోనో వేసుకెళ్లే సరుకు కాదు. లైసెన్స్ ఉన్న ఎక్స్‌ప్లోజివ్ వ్యాన్ కావాలి. డిటొనేటర్లనూ, స్టిక్స్‌నూ ఒకే పెట్టెలో కలపకూడదు. వ్యాన్‌ను కాపలా లేకుండా వదలకూడదు.

లొసుగు ఎక్కడుంది?

పెద్ద గనుల్లో చాలాచోట్ల బాక్సు అనే మాటే లేదు. సింగరేణి ఓపెన్ కాస్టుల్లో తయారీ కంపెనీ ట్యాంకరే గని దగ్గరకు వచ్చి, అక్కడికక్కడే మిశ్రమం కలిపి రంధ్రంలోకి పంపు చేస్తుంది. మధ్యలో దాచే గోదాము లేదు, చేతులు మారడం లేదు. కంపెనీ బాధ్యత రాయి దాకా నేరుగా వెళ్తుంది.

చిన్న క్వారీల పరిస్థితి వేరు. రెండు మూడు ఎకరాల లీజుకు సొంత మ్యాగజైన్ కట్టుకోవడం భారం. ఎక్కడో ఉన్న లైసెన్స్‌దారు నుంచి మందు తెప్పించుకోవాలి. కంపెనీ డీలర్‌కు అమ్మింది, కాగితాలు పక్కా. డీలర్ మ్యాగజైన్ నుంచి క్వారీ దాకా ఉన్న ఆ చివరి ప్రయాణంలోనే కాగితం ఒకటి, నిజం ఒకటి అయ్యే ప్రమాదం ఉంది. మామిళ్లపల్లెలో పేలుడు జరిగింది ఈ చివరి అంచెలోనే.

శిక్ష ఎంత?

చట్టంలోని 9బి సెక్షన్ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రూల్స్‌కు విరుద్ధంగా తయారుచేస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. అమ్మకం, రవాణా, నిల్వ విషయంలో అయితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా రూ.3 వేలు. హెల్మెట్ చలాన్లు నాలుగు కలిపితే దాటిపోయే మొత్తం! 2024లో కేంద్రం బయటపెట్టిన ముసాయిదా బిల్లులో ఈ జరిమానాలను రూ.లక్ష, రూ.50 వేలకు పెంచాలని ప్రతిపాదించారు. తప్పు చేసింది కంపెనీ అయితే 9సి సెక్షన్ కింద దాని నిర్వహణ చూసేవాళ్లూ నిందితులవుతారు. తమకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్తలు తీసుకున్నామనో వాళ్లే రుజువు చేసుకోవాలి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020 ఇంకో మెట్టు ఎక్కింది. 1952 నాటి గనుల చట్టం ఇందులోనే కలిసిపోయింది. పనిచోట్ల వాడే వస్తువులను తయారుచేసేవాళ్లు, సరఫరా చేసేవాళ్లు వాటిని ముందే పరీక్షించాలని, ఎలా వాడితే సురక్షితమో సమాచారం ఇవ్వాలని ఈ కోడ్‌లోని 8వ సెక్షన్ చెబుతోంది. క్వారీలో మందు కూరే కార్మికుడికి ఆ సమాచారం అర్థమయ్యే భాషలో ఉండటం అందుకే ముఖ్యం.

తయారీ దశలోనే ప్రమాదాన్ని తుంచే ప్రయత్నమూ జరిగింది. కరెంటుతో పేలే ఎలక్ట్రిక్ డిటొనేటర్ల తయారీ, నిల్వ, దిగుమతిని 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నిషేధించింది. దారి తప్పిన విద్యుత్తుకు కూడా పేలే అవకాశం ఉండటం, సంఘ విద్రోహుల చేతికి చిక్కే భయం.. రెండూ వీటితో ఉన్న సమస్యలే.

క్వారీల చుట్టుపక్కల పొలాల్లో, రాళ్ల గుట్టల్లో పేలకుండా మిగిలిన స్టిక్ గానీ, రంగు వైర్లున్న చిన్న లోహపు గొట్టం గానీ కనిపిస్తే ముట్టుకోవద్దు. పిల్లల్ని దూరంగా పంపి 112కు ఫోన్ చేయండి. పక్కన ఖాళీ అట్టపెట్టె పడి ఉంటే దాన్నీ కదపకుండా పోలీసులకు చూపించండి. ఆ మందు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే బ్యాచ్ నంబర్ దానిమీదే ఉంటుంది.