వాము ఎత్తు, మేత సత్తువ

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మొక్కకు మేలేనన్న మాట కొత్తదేమీ కాదు. జెనీవాకు చెందిన నికొలా థియొడోర్ ద సొస్యూర్ 1804లోనే, ఎండలో ఉన్న మొక్కలకు ఈ వాయువు కాస్త ఎక్కువగా అందితే ఏపుగా ఎదుగుతాయని రాశాడు. నీడలో ఆ మేలు కనబడలేదనీ ఆయనే రాశాడు, కానీ ఆ రెండో మాట ఎవరికీ పెద్దగా పట్టలేదు. మరో వందేళ్లకు స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ కూడా ఈ వాయువుతో పంటలు పుష్కలమవుతాయనే ఆశపడ్డాడు. తూకానికి వచ్చింది ఎప్పుడూ గడ్డే. తిన్న పశువుకు ఏం ఒంటబట్టిందని అడగడం చాలా ఆలస్యమైంది.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పచ్చికబీడు కథ ఇంకా ముచ్చటైనది. ఎరువుల పరీక్ష కోసం లాస్, గిల్బర్ట్ 1856లో దాన్ని మొదలుపెట్టారు. కోసిన ఎండుగడ్డిలో కొంత నమూనాగా దాచే అలవాటు అక్కడ నిలిచిపోయింది. అప్పటికి గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లలో 280 పైచిలుకు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి కొండ మీద కొలిచేనాటికి 315, ఇప్పుడు 420 దాటింది. దాచినవాళ్లకు ఈ గొడవేమీ తెలియదు. నూటయాభై ఏళ్ల తర్వాత ఆ పాత గడ్డిలోని కార్బన్ ఐసోటోపులను పరీక్షిస్తే, వాయువు పెరిగినకొద్దీ మొక్క నీటిని పొదుపుగా వాడుకుందని తేలింది.

తిరకాసు ఆ పొదుపులోనే ఉంది. ఆకు రంధ్రాలు ముడుచుకుంటే వేరు పీల్చే నీరు తగ్గుతుంది, నీటితో కొట్టుకొచ్చే నత్రజనీ తగ్గుతుంది. పైగా వాయువు దండిగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకునే రూబిస్కో ఎంజైము ఆకుకు తక్కువే చాలు. ఆకులోని మాంసకృత్తుల్లో పెద్ద వాటా దానిదే. అలా పిండి, చక్కెరలు పేరుకుని మాంసకృత్తులు పలచబడతాయి. నెమరువేసే పశువు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులకు మేతలో సుమారు 7 శాతం మాంసకృత్తులైనా ఉండాలి. అంతకంటే దిగితే పీచు త్వరగా అరగదు, పొట్ట ఖాళీ కాదు, ఎదురుగా వాము ఉన్నా గేదె మూతి తిప్పుకుంటుంది. మన వరిగడ్డిలో మామూలుగానే అవి 3, 4 శాతానికి మించవు. యూరియా నీళ్లు చల్లి మాగబెట్టమని పశువైద్యులు చెప్పేది అందుకే.

1993లో స్విట్జర్లాండులోని ఎష్చికాన్‌లో గాజుగదులు మానేసి, ఆరుబయట చేలోకే వాయువు వదిలి 600 పాళ్లకు పెంచి పదేళ్లు చూశారు. నత్రజని ఎరువు తక్కువ వేసిన మడుల్లో రైగ్రాస్ పెద్దగా కదల్లేదు. వేరుబుడిపెలతో నత్రజని తానే సంపాదించుకునే తెల్ల క్లోవర్ మాత్రం పెరిగింది. మన జనుము, పిల్లిపెసర, వేరుశనగ ఆ కోవలోవే. అదే దశకం చివర అమెరికాలోని కొలరాడో బీళ్లలో వాయువు పెంచి చూస్తే గడ్డి దిగుబడి పెరిగి, అరుగుదల తగ్గింది. ఆ తర్వాత అమెరికాలో రెండు దశాబ్దాల పాటు పోగైన 36 వేలకు పైగా పేడ నమూనాల లెక్క తీస్తే, పశువుల మేతలో మాంసకృత్తులు తగ్గుతూ వచ్చినట్టు బయటపడింది. అందులో వాయువు పాత్ర ఎంత, బీడు నిస్సారం కావడం పాత్ర ఎంత అన్నది పేడ చెప్పదు.

జొన్న, సజ్జ, నేపియర్ తరగతి వేరు. వాయువును ఆకులోనే కూడబెట్టుకునే వాటి పద్ధతిని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ చెరకులో వివరించారు. బయట వాయువు పెరిగినా వీటికి పెద్దగా లాభం లేదు, నష్టమూ లేదని పుస్తకాలు చెప్పాయి. రెండు తరగతుల గడ్డికీ వాయువు పెంచి చూసిన మినెసోటాలోని సీడర్ క్రీక్ పరీక్ష ఆ ధీమాను చెడగొట్టింది. మొదటి 12 ఏళ్లు అంతా పుస్తకం చెప్పినట్టే నడిచింది. తర్వాతి 8 ఏళ్లలో తలకిందులైంది: జొన్న తరగతి గడ్డి పెరిగింది, రైగ్రాస్ తరగతిది పెరగలేదు. మట్టిలో నత్రజని విడుదల రెండు తరగతుల గడ్డి కిందా వేర్వేరుగా మారడం అందుకు ఒక కారణం కావచ్చునని 2018లో ప్రకటించారు. పరీక్షను పన్నెండో ఏటనే ఆపేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.