భువనగిరి గుట్ట ఎక్కేవాళ్లకు

మోత్కూర్ నుంచి రాయగిరి మీదుగా భువనగిరికి పొద్దున పోయి పొద్దుగూకే వరకు తిరిగి రావచ్చు. పట్నం నడుమ ఏకశిల గుట్ట, దాని మీద కోట. చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మీదనే భువనగిరి అనే పేరొచ్చిందని అందరూ చెప్తారు. మెట్లెక్కుతాం, ఫొటోలు దిగుతాం, వచ్చేస్తాం. కట్టించిన రాజు పేరు గుర్తుంటది. ఈ కోట మీదికి దండెత్తి వచ్చిన కల్లుగీత కులపోడి సంగతి?

1707లో ఔరంగజేబు చచ్చిపోయినంక కొడుకులు గద్దె కోసం కొట్లాడుకున్నారు. ఆ సందులోనే సర్వాయి పాపన్న బలపడ్డడు. షాపూర్‌లో కోట కట్టిండు. 1708లో వరంగల్ మీద పడ్డడు. మరుసటేడు జనవరిలో బహదూర్‌షా హైదరాబాద్ దగ్గర తమ్ముడు కాంబక్ష్‌ను ఓడించి దర్బారు పెట్టిండు. పాపన్న 14 లక్షల రూపాయలు కానుక ఇచ్చిండు. బాదుషా ఖిలాత్ ఇచ్చి గౌరవించిండు. ఖిలాత్ అంటే పాలకుడు తన తరఫున తొడిగే గౌరవ వస్త్రం.

మిత్రులారా, ఇక్కడ ఆగి చూడండి. వరంగల్ పెద్దమనుషులు షా ఇనాయత్‌ను ముందుపెట్టుకొని బాదుషా దగ్గరికి పోయిండ్రు. తమవాళ్లు బందీలయ్యారన్న బాధ వాళ్లకు నిజంగానే ఉంది. కానీ దాంతోపాటు ఇంకో మాట కూడా ఉంది: తక్కువ కులపోడికి ఇంత మర్యాదా? దోపిడీలు ఆ కాలంలో జమీందార్లూ చేసిండ్రు, ఫౌజుదార్లూ చేసిండ్రు. వాళ్లకు దర్బారులో చోటు దొరికితే కులం గుర్తుకు రాలేదు. చివరికి పాపన్నను తుదముట్టించమని హైదరాబాద్ సుబేదారు యూసఫ్ ఖాన్‌కు హుకుం వచ్చింది. అదే 1709లో పాపన్న భువనగిరి మీద దాడి చేసిండు. 1710లో పట్టుబడ్డడు. తల ఢిల్లీకి పంపిండ్రు.

ఈ వివరాలు రాసిపెట్టింది మొగల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్. ఆయన లెక్కలో పాపన్న బందిపోటు. పాపన్న వెంట నడిచినవాళ్ల పేర్లు కావాలంటే పాట దగ్గరికి పోవాలె. జె.ఎ. బాయిల్ 1874లో ఈ కథాగేయాన్ని 'ఇండియన్ యాంటిక్వరీ'లో అచ్చువేయించిండు. చాకలి సర్వన్న, మంగలి మానన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న, దూదేకుల పీరు: పాట నిలిపిన పేర్లివి. కోరేగావ్‌లో 1818 యుద్ధం చేసిన మహర్ సిపాయిల పేర్లు కంపెనీ వేసిన రాతిస్తంభం మీద మిగిలినయి. 1927 జనవరి 1న బాబాసాహెబ్ ఆ స్తంభం దగ్గరికి పోయిండు. మన దగ్గర ఆ పని పాట చేసింది.

ఇంకో మాట చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమైతది. వరంగల్‌లోనూ భువనగిరిలోనూ పాపన్న మనుషులు ఆడవాళ్లను, పిల్లలను పట్టుకుపోయిండ్రు. ఇప్పుడు సర్కారే ఆగస్టు 18న పాపన్న జయంతి చేస్తున్నది. ఆ సభల్లో ఈ సంగతి ఎత్తితే కొందరు నొచ్చుకుంటరు. పై కులాల చరిత్రకారులు మన పేర్లు కొట్టేసిండ్రని నిలదీసే మనం, బందీలైన ఆ ఆడవాళ్లను ఏ నోటితో కొట్టేస్తం? పాపన్న మీద కుల ద్వేషం నిజం. ఆ ఆడవాళ్ల ఏడ్పూ నిజం. రెండూ ఒక్క పేజీలోనే రాయాలె.

చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈసారి భువనగిరి పోతే కోట చూసి ఊరుకోకండి. మోత్కూర్, ఆలేరు, జనగామ దిక్కున పాపన్న కథ పాడే ముసలోళ్లు ఎవరన్నా ఉంటే వాళ్ల దగ్గర కూసోండి. ఫోన్‌లో రికార్డు చేయండి. పాటలో వచ్చే ప్రతి పేరూ కులంతో సహా రాసుకోండి. మాల, మాదిగ పేర్లు ఎక్కడ వస్తున్నయో, ఏ పనిలో వస్తున్నయో చూడండి. ఆడవాళ్ల పేర్లు ఎన్నో విడిగా లెక్కపెట్టండి. ఆ జాబితాలు నాకు పంపండి, వాటిని పక్కపక్కన పెట్టి చదువుకుందాం.