ఓడ దిగి పారిపోయినవాడి పద్యం

1894 వసంతం. బ్రిటన్‌లోని కార్డిఫ్ రేవు నుంచి నాలుగు స్తంభాల తెరచాప ఓడ ఒకటి చిలీ దేశానికి బయల్దేరింది. దాని పేరు గిల్‌క్రూజ్. ఓడ మీద పని నేర్చుకునే కుర్రాళ్లలో ఒకడికి ఇంకా పదహారు నిండలేదు. ఓడ ఊగడం మొదలవగానే వాడికి తల తిరిగింది, కడుపులోది నోట్లోకొచ్చింది. తాను సముద్రానికి పనికిరానని వాడికి అప్పుడే అనుమానం వచ్చే ఉంటుంది. అయినా దిగడానికి దారి లేదు. ముందు అట్లాంటిక్, ఆ తర్వాత దక్షిణ అమెరికా కొసన, నావికులంతా పేరు వింటేనే ఉలిక్కిపడే కేప్ హార్న్.

ఆ కుర్రాడు జాన్ మేస్‌ఫీల్డ్. ఎనిమిదేళ్ల తర్వాత, 1902లో, ‘సీ ఫీవర్’ అనే పద్యం అచ్చువేయించాడు. మళ్లీ సముద్రం మీదికి పోకుండా ఉండలేను అంటూ తహతహలాడిపోయే పద్యం. నాలుగేసి పాదాల చరణాలు మూడే. ఇంగ్లీషు నేర్పే బడి ఉన్న చోటల్లా అది ఏదో ఒక తరగతిలో పాఠమై కూర్చుంది.

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో నిలబడి ఈ పద్యం చెప్పడం వింత పని. ఇక్కడి నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. కామారెడ్డిలో బస్సెక్కి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోతుంటే కిటికీలోంచి కనిపించేది మక్కచేను, వరిమడి, మోదుగుచెట్లు, నడుమ నడుమ చెరువు. లింగంపేటలో నాగన్న బావి ఉంది. ఎన్నో మెట్లు దిగితే గాని నీళ్లు కనబడవు. నీటి కోసం కిందికి చూసే ఊళ్లు ఇవి. ఆకాశం అంచుదాకా నీళ్లే పరచుకొని ఉంటాయని చెబితే పిల్లలు మర్యాదకు తలూపుతారు, అంతే.

“సముద్రం ఎవరైనా చూశారా?” అని తరగతిలో అడిగాను.

“సినిమాల సూసినం సార్.”

“సాగర్ సూసినం సార్, గేట్లు ఎత్తినప్పుడు.”

నవ్వులు. సాగర్ అంటే నిజాంసాగర్. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ప్రాజెక్టు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు చేతిమీదుగా లేచిన కట్ట. వానాకాలంలో గేట్లెత్తారంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ పిల్లాజెల్లాతో, టిఫిన్ డబ్బాలతో అక్కడే ఉంటాయి. ఆ నీళ్లు కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, ఎక్కడో కోనసీమ దాటాక సముద్రం చూస్తాయి. నీళ్లు పోయినంత సులువుగా మనుషులు పోలేదు.

పోలేదని అనుకున్నాను. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. “మా బాపు సూసిండు సార్. విమానంల కెళ్లి. కిందంత నీల్లేనట.”

ఆ తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఒకరి అన్న మస్కట్‌లో, ఒకరి మామ బహ్రెయిన్‌లో, ఇంకొకరి చిన్నాయన సౌదీలో. ఊళ్లో మాత్రం ఏ దేశం పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. ఈ జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు వెతికినా దొరకదు. ఇంటి దగ్గర ఆడవాళ్లు బీడీలు చుడుతుంటారు, మగవాళ్లు అరేబియా సముద్రం అవతల సిమెంటు కలుపుతుంటారు. సముద్రం వీళ్లకు తెలియనిది కాదు. దాని ఒడ్డున నిలబడలేదు, అంతే.

గైడులో ఈ పద్యానికి రాసిపెట్టిన జవాబు ఇదీ: కవి గొప్ప నావికుడు, సముద్రమంటే ఆయనకు ప్రాణం, అందుకే అది విడిచి ఉండలేకపోయాడు. పరీక్షకు చక్కగా సరిపోతుంది. నిజానికి మాత్రం సరిపోదు. అందుకే ఆ రోజు పద్యం పక్కన పెట్టి కుర్రాడి కథ చెప్పాను.

మేస్‌ఫీల్డ్ పుట్టింది 1878 జూన్ 1న, ఇంగ్లాండ్‌లోని లెడ్‌బరీలో. పొలాలు, తోటలు, గుట్టల నడుమ చిన్న ఊరు. అక్కడా సముద్రం లేదు. (ఈ మాట చెప్పగానే ముందు బెంచీల్లో కాస్త ప్రాణం వచ్చింది.) ఆరేళ్లప్పుడు తల్లి పోయింది. 1891లో తండ్రీ పోయాడు. పిల్లలు బంధువుల పంచన చేరారు. ఆ ఇంటి పినతల్లి వరసావిడకు ఈ పిల్లవాడి మీద ఒకటే ఫిర్యాదు: ఎప్పుడు చూసినా పుస్తకం పట్టుకొని కూర్చుంటాడు. ఆ జబ్బు వదిలించాలంటే ఓడ ఎక్కించడమే మందని తేల్చింది. పదమూడేళ్లకే లివర్‌పూల్ దగ్గర మెర్సీ నదిలో లంగరు వేసి ఉన్న ‘కాన్వే’ అనే శిక్షణ ఓడలో చేర్పించారు. మందు వికటించింది. అక్కడ కుర్రాడికి చదువుకోవడానికి ఇంకా ఎక్కువ తీరిక దొరికింది. పైగా పాత నావికుల నోట కథలు.

గిల్‌క్రూజ్ ప్రయాణంలో వాడు తుఫానులు చూశాడు. ఎగిరే చేపలు చూశాడు, ఓడ వెంట పరుగులు తీసే పందిచేపలు చూశాడు. ఒక రాత్రి వెన్నెల్లో ఇంద్రధనుస్సు పొడిచింది. ఎంతోమంది నావికులకు జీవితమంతా తిరిగినా దొరకని దృశ్యం అది. ఒంట్లో బాగాలేని కుర్రాడు వాంతి తుడుచుకుంటూ ఆ రాత్రి తలెత్తి చూసి ఉంటాడని నేను ఊహించుకుంటాను. అందమూ అవస్థా ఒకే డెక్కు మీద.

చిలీ చేరేసరికి శరీరం లొంగిపోయింది. వడదెబ్బ. ఆసుపత్రి. వెళ్లేటప్పుడు తెరచాప లాగినవాడు, తిరుగు ప్రయాణంలో ఆవిరి ఓడలో ఒట్టి ప్రయాణికుడు. ఇంటికొచ్చాక ఓదార్పు దొరకలేదు. మళ్లీ సముద్రానికి పొమ్మన్నారు. 1895లో న్యూయార్క్ దాకా వెళ్లాడు. అక్కడ ఓడ విడిచి పారిపోయాడు.

తరగతి ఒక్క క్షణం చప్పుడు చేయలేదు. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న అబ్బాయి అన్నాడు: “గట్లయితే ఖల్లివెల్లి అయిండన్నట్టే గద సార్!”

ఇంతకన్నా సూటిగా ఏ విమర్శకుడూ చెప్పలేదు. గల్ఫ్‌లో కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని దగ్గర, పని పడక, జీతం రాక, పాస్‌పోర్టు అతని చేతిలోనే వదిలేసి బయటపడ్డవాణ్ణి మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. దొరికిన చోట పని, దొరికిన చోట పడక. పోలీసు కనబడితే సందు మారాలి. ఇంటికి రావాలంటే ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించాలి, రాయబార కార్యాలయం ఔట్‌పాస్ ఇవ్వాలి. వాళ్లలో చాలామంది వీసాకు చేసిన అప్పు తీరకముందే అట్లా అయినవాళ్లు. కిటికీ పక్క అబ్బాయి ఆ మాట ఎక్కడ విన్నాడో నేను అడగలేదు. అతని ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు.

ఇంగ్లీషు ఖల్లివెల్లి కథ కూడా అట్లాగే నడిచింది. కొన్ని నెలలు దేశదిమ్మరి. తర్వాత న్యూయార్క్‌లో ఒక సారాయి అంగట్లో గ్లాసులు అందించే పని. 1895 క్రిస్మస్ రోజుల్లో ‘ట్రూత్’ అనే పత్రిక చేతికొచ్చింది. అందులో ఒక పద్యం: ‘ది పైపర్ ఆఫ్ ఆర్ల్’. కొండల్లో పిల్లనగ్రోవి ఊదుకునే ఒకడు రేవులో ఆగిన ఓడను చూసి, దానితో పోవాలని తపించిపోవడం ఆ కథ. రాసినవాడు డంకన్ క్యాంప్‌బెల్ స్కాట్, కెనడాలో సర్కారు ఉద్యోగి. ఉండేది ఒట్టావాలో, సముద్రానికి ఎంతో దూరంగా. ఓడ విడిచి పారిపోయిన కుర్రాడు, ఓడ కోసం అలమటించే పద్యం చదివి కదిలిపోయాడు. పదేళ్ల తర్వాత స్కాట్‌ను వెతికి ఉత్తరం రాసి మరీ ఆ సంగతి చెప్పుకున్నాడు.

ఆ పై యాంకర్స్ అనే ఊళ్లో తివాచీల ఫ్యాక్టరీ. పొద్దస్తమానం మగ్గాల రొద. జీతంలో తిండికి పోగా మిగిలిందంతా పుస్తకాలకే. చాసర్, కీట్స్, షెల్లీ అన్నీ అక్కడే చదివాడు. పినతల్లి వదిలించాలనుకున్న జబ్బు ముదిరిపోయింది. 1897లో ఇంగ్లాండ్ తిరిగొచ్చి, లండన్‌లో బ్యాంకు గుమాస్తా అయ్యాడు. లెక్కల పుస్తకాలు, సిరాబుడ్డి, అద్దెగది.

సముద్రం పద్యం వచ్చింది ఈ బతుకులోంచి. గైడు రాసినవారు ఇది ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. ఇరవైమూడేళ్ల గుమాస్తా రాసిన పద్యం అది. నావికుడిగా అతనికున్న అనుభవమంతా ఒక పెద్ద ప్రయాణం, దాని చివర ఒక ఆసుపత్రి, ఆ పైన ఒక పరారీ. పద్యంలో ఇవేవీ లేవు. ఓడ ఉంది, నక్షత్రం ఉంది, తెల్లవారుజాము పొగమంచు ఉంది, గాలి, నురగ, పక్షులు, తోటి నావికుడు చెప్పే నవ్వుల కథ. కేప్ హార్న్ తీసేశాడు. అబద్ధమా? అట్లా అనలేం. వెన్నెల ఇంద్రధనుస్సు నిజమే కదా. మిగతాది దాచుకున్నాడు, పదేళ్లకు ‘డాబర్’ అనే పెద్ద కావ్యంలో బయటపెట్టాడు. బొమ్మలు వేసుకోవాలని ఓడెక్కిన ఒక కుర్రాణ్ణి తోటివాళ్లు ఏడిపించడం, కేప్ హార్న్ మంచుగాలి, చివరికి స్తంభం మీంచి పడి చావడం. ‘సీ ఫీవర్’ చెప్పే ప్రతి మేష్టారూ దాని గురించి ఒక్క ముక్కయినా చెప్పాలని నా పట్టుదల.

నేను ఈ ధోరణిలో ఉండగా, వెనక బెంచీ అమ్మాయి మళ్లీ లేచింది. “మా బాపు గూడ గంతే సార్. ఈడుంటే ఆడిది చెప్తడు. ఆడుంటే ఈడిది అడుగుతడు.”

ఎట్లా అని అడిగితే చెప్పింది. చుట్టీ మీద ఇంటికొచ్చిన నెలరోజులూ ఆయన చెప్పేది ఆకాశాన్నంటే మేడలు, అద్దంలాంటి రోడ్లు, ఏసీ బజార్లు. ఒక గదిలో ఎనిమిదిమంది పడుకునే సంగతి ఎన్నడూ చెప్పలేదట. అది తల్లి ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతుంటే వినబడింది. అక్కడ ఉన్నప్పుడు మాత్రం వీడియో కాల్‌లో చెరువు చూపించమంటాడు. బర్రె ఈనిందా, మక్కలు ఎండినయా, బతుకమ్మకు తంగేడు దొరికిందా. ఇక్కడికొచ్చి మూడు వారాలు దాటితే కాలు నిలవదు. టికెట్ ఎప్పుడని తల్లి అడగకముందే తనే క్యాలెండరు చూస్తాడు.

పద్యం మూడు చరణాలూ అప్పుడు మళ్లీ చదివాం. ఈసారి ఎవరూ మర్యాదకు తలూపలేదు. ‘మళ్లీ’ అనే అర్థం వచ్చిన ప్రతిచోటా ఆ అమ్మాయి పెన్నుతో గీత గీసింది.

మేస్‌ఫీల్డ్ మాత్రం మళ్లీ పోలేదు. ఉద్యోగానికి ఓడ ఎక్కనే లేదు. 1930లో బ్రిటన్ ఆస్థానకవి అయ్యాడు. 1967లో చనిపోయేదాకా, ముప్పయ్యేడేళ్లు, అదే పదవిలో ఉన్నాడు. ఆస్థానకవిగా కూడా పత్రికకు పద్యం పంపేటప్పుడు, నచ్చకపోతే తిప్పి పంపడానికి తపాలా బిళ్ల అంటించిన కవరు జతచేసేవాడని చెబుతారు. ఓడ విడిచి పారిపోయినవాణ్ణి అధికారులు పట్టుకొని ఉంటే ఆస్థానకవి పదవి సంగతేమోగాని, మనకు ఈ పాఠం మాత్రం తప్పేది.

గంట కొట్టారు. కిటికీ పక్క అబ్బాయి తలుపు దగ్గర ఆగాడు. “సార్, పరీక్షల ఏది రాయాలె? గైడ్ల ఉన్నదా, మీరు చెప్పిందా?”

గైడులోదే రాయమన్నాను. పేపరు దిద్దేది నేను కాదుగా.